కర్రికి గంజి పొయ్యమని

జయశ్రీ వదినా,

ఇప్పుడు నాకున్న భయమల్లా ఒక్కటే. మా కుక్క కర్రి జబ్బుతో కాదు, నేను చెప్పిన మాట వల్ల ఆకలితో చచ్చిపోతుందేమోనని. బస్సు టైముకు గబగబా గీకుతున్నాను, అక్షరాలు కూడబలుక్కుని చదువు.

ఎండాకాలం నుంచి కర్రి బిందెలకు బిందెలు నీళ్లు తాగేది. పొట్ట జారింది, రెండు పక్కలా వెంట్రుకలు ఊడాయి. గద్వాలలో పశువుల డాక్టరు రక్తం తీసి హైదరాబాదుకు పంపాడు. మొదటి కాగితంలో క్లోమం వాచిందని వచ్చింది. తిన్నది అరిగించే రసం అక్కడే పుడుతుందట. "రెండు రోజులు మెతుకు పెట్టకు, నీళ్లు పెట్టు. మూడోనాడు తోల్కరా" అన్నాడు.

మా ఇంట్లో అది జరిగే పనేనా? మా పాప మంజుల తన రొట్టెలో సగం దాని నోట్లోనే పెడుతుంది. అందుకే రాజోలిలో మీ అమ్మ దగ్గర కట్టేసి వచ్చాను. నీ తమ్ముడు బొంబాయి నుంచి ఫోన్ చేసి జాలిపడతాడని ముందే అడ్డం వేశాను. "నేనొచ్చి చెప్పేదాక ఫోన్ల ఎవరేం చెప్పినా ఇనకు అత్తమ్మా" అని పాప పేరు మీద ఒట్టు వేయించుకున్నాను.

మూడోనాడు బయలుదేరబోతే పాపకు అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులు. గడప దాటలేదు. ఇది ఐదో రోజు. పొద్దున డాక్టరే ఫోన్ చేశాడు. మూత్రపిండాల మీది గ్రంథి జబ్బని రెండో కాగితం వచ్చిందట.

"అది కక్కిందామ్మా ఎప్పుడన్న?"

"లేదు సార్."

"కడుపు ఒత్తితే మూల్గిందా?"

"పాప దాని మీదెక్కి ఆడ్తది సార్, ఊకనే ఉంటది."

"గట్లైతే మొదటి కాగితం ఒక్కటే నమ్మొద్దు. ఈ గ్రంథి జబ్బున్న కుక్కలకు క్లోమం మంచిగున్నా ఆ పరీక్ష ఎక్కువ చూపెట్టొచ్చు. నేనే తొందరపడ్డ. తింటుంది గద ఇప్పుడు?"

చేతిలో వేపమండ కింద పడింది. ఐదు రోజుల నుంచి మెతుకు లేదని చెప్పాను. వెంటనే, "పల్చటి గంజి, కొంచెం కొంచెం. ఇప్పుడే" అన్నాడు.

రాజోలిలో పక్కింటి యాదమ్మకు ఫోన్ చేసి, గంజి పొయ్యమని మీ అమ్మకు చెప్పమన్నాను.

"మీ అత్తనా? ఇంటదా! కుక్క పక్కనే మంచమేస్కొని కాపలా పండింది. ఒట్టేసిన అంటది."

"నేనే చెప్తున్ననక్కా, నా గొంతు ఇనిపియ్యి!"

"ఇనిపిచ్చిన ఏంది లాభం? ఫోన్ల అందరి గొంతు ఒక్కతీర్గనే ఉంటదట."

"కర్రి ఎట్లుంది?"

"నిన్న తోకూపింది. ఇయ్యాల పిలిస్తే లేవలే."

వదినా, రాజోలి బస్సు మీ శాంతినగర్ మీదుగానే పోతుంది. నీ ఫోన్ కలవడం లేదు, అందుకే ఈ కాగితం మా వీధి జోగులమ్మ చేత డ్రైవరుకు ఇప్పిస్తున్నాను. మీ అమ్మ నా గొంతు నమ్మకున్నా కన్నకూతురి ముఖం నమ్ముతుంది. ఒట్టు పాపం నా మీద వేసుకుంటానని చెప్పు. అదే బస్సు ఎక్కి పోయి గంజి పోయించు. ముందు కర్రి కళ్లు తెరిచి ఉందో లేదో చూడు.