ఆరింటి మౌనం

ఎంబాలా ఊళ్లో తెల్లవారిందని కోడికంటే ముందు కసోండే చెబుతుంది. ఐదున్నరకల్లా రేడియో స్టేషన్ తలుపు తీసి, కోటైనా విప్పకుండా మైకు ముందు కూర్చుని, "లేచారా, ఇంకా దుప్పట్లోనే ఉన్నారా?" అని ఊరినంతా అడుగుతుంది. తర్వాత రెండు పాటలు వేస్తుంది. ఒకటి చర్చి బృందానిది, రెండోది పెళ్లిళ్లలో ముసలాళ్లు కూడా లేచి ఆడేది. ఆరింటికి ఒక నిమిషం మౌనం. ఆ తర్వాత అతిథి, నాలుగు మంచి మాటలు, బజారు కబుర్లు. పదకొండేళ్లుగా ఇదే వరస.

ఆ మౌనం భక్తి వల్ల పుట్టలేదు, పోట్లాట వల్ల పుట్టింది. పొద్దున్నే ముందు ఎవరి ప్రార్థన వెయ్యాలని ఊళ్లోని చర్చిలన్నీ ఆమె మీదికి వచ్చాయి. విని విని విసుగెత్తి, "ఒక్క నిమిషం ఇస్తాను. ఎవరి ప్రార్థన వాళ్లు నోరు మూసుకుని చేసుకోండి," అంది. ఎవరికీ ఎక్కువ దక్కలేదు కాబట్టి అందరూ ఒప్పుకున్నారు.

మొదటి రోజు మౌనంలోనే కసోండే హెడ్‌ఫోన్లలోకి ఊరు వచ్చింది. రేడియో ఉన్న ప్రతి ఇంటి చప్పుడూ వచ్చింది. పిల్లల దగ్గులు, గిన్నెల మోత, ఎవరో మొగుడిని తిట్టడం. మీటల దగ్గర కూర్చునే చిసంగా వైర్లన్నీ పీకి చూశాడు, తప్పేమీ కనిపించక టీ తాగడానికి వెళ్లాడు. జనం కూడా తొందరగానే అలవాటు పడ్డారు. సగంమంది ప్రార్థన చేసుకుంటారు, తక్కినవాళ్లు రేడియో మీదికి వంగి ఆమెకు పనులు చెబుతారు. కసోండే పెద్దకూతురు లోంబే కనుక ఊరంతా ఆమెను బానా లోంబే అనే పిలుస్తారు. పెద్దబిడ్డ పేరుకి ముందు తల్లికి బానా, తండ్రికి బాషి అని చేర్చడం అక్కడి వాడుక. "బానా లోంబే, నా మేక తాడు తెంపుకుని పోయింది. ఒక చెవి నలుపు, కాస్త చెప్పమ్మా." "సరస్సు నుంచి ఎండుచేపలు దిగాయి, బానా లోంబే." అవన్నీ కాగితం మీద గీసుకుని తర్వాత చదువుతుంది.

అన్ని చప్పుళ్లలోనూ ఆమె చెవి వెతికేది ఒక్కదాన్నే. అది వాళ్లమ్మ పాత రేడియో. వెనక రేకు వదులై ఎప్పుడూ సన్నగా జుమ్మంటూ ఉంటుంది. ఇప్పుడది బజారు వెనక చెల్లెలు ములెంగా ఇంట్లో ఉంది. అమ్మని పూడ్చిపెట్టిన మూడోనాడే దానికోసం ఇద్దరూ పోట్లాడుకున్నారు.

"రేడియోలో పనిచేసేది నేను. అది నాకు రావాలి," అంది కసోండే.

"పొద్దస్తమానం రేడియోలోనే ఉంటావుగా, ఇంటికి ఇంకోటి ఎందుకు?" అని ములెంగా దాన్ని చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

అప్పటికి ఇప్పటికి నాలుగేళ్లు. ఎదురుపడినా పలకరింపు లేదు. కానీ ములెంగా ఒక్కనాడూ రేడియో కట్టెయ్యలేదు. పొద్దున్నే అమ్మడానికి పిండిముద్దలు నూనెలో వేయిస్తూ, ఆరింటికి గోడతో చెబుతున్నట్టు మొదలుపెడుతుంది. "విన్నారా ఆవిడ గొంతు? తుప్పు పట్టిన తలుపు బందు కిర్రుమన్నట్టుంది. అల్లం నమలమని ఎవరైనా చెప్పండయ్యా." ఇంకో రోజు, "మళ్లీ ఆ పాస్టరేనా? పాపం, ఆవిడకి వేరే మనుషులు దొరకరు." కసోండే నవ్వు బయటికి రాకుండా పెదవి కొరుక్కునేది. ఆ మాట విన్న రోజు ఆమెకు మధ్యాహ్నం దాకా హాయిగా ఉండేది. ఆ సంగతి చంపినా ఒప్పుకోదు.

ములెంగాకి ఇంకో పంతం కూడా ఉంది. అక్క రేడియోలో ఏం చెబితే దానికి ఎదురు చేస్తుంది. చిక్కుళ్లు ముందే వెయ్యమంటే ఆఖర్న వేస్తుంది. ఆ దేశంలో చలికాలం జూన్‌లో వస్తుంది. చలి మొదలవగానే కసోండే ఏటా ఒక మాట చెబుతుంది. "కుంపటి ఇంట్లోకి తేకండి. పొగ ఆగింది కదా అని తలుపేసుకుని కూర్చుంటే మళ్లీ లేవరు." అందరూ తలూపుతారు, తెచ్చేవాళ్లు తెస్తూనే ఉంటారు. బొగ్గు ఎర్రబడి పొగ ఆగిపోతే చెడంతా పోయిందనే ఈ ఊరివాళ్ల నమ్మకం. ఈ ఏడు ఆ మాట చెప్పిన మర్నాడు ఆరింటికి ములెంగా, "అయితే చలికి చావమంటుందా ఆవిడ?" అంది.

జూలైలో ఒక పొద్దున గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టింది. ఆ రోజు అతిథి పాస్టర్ కఫూలా. క్షమాపణ మీద నాలుగు కాగితాలు రాసుకొచ్చి, చేతులు చంకల్లో దూర్చుకుని కూర్చున్నాడు. ఆరయింది. కసోండే మౌనం మొదలుపెట్టింది.

హెడ్‌ఫోన్లలో దగ్గులు వచ్చాయి, బకెట్లలోకి నీళ్లు పడ్డాయి, మేక దొరికిందని ఎవరో చెప్పారు. అమ్మ రేడియో జుమ్మంటోంది. దాని వెనక నూనె చప్పుడు లేదు. వెటకారమూ లేదు. కసోండే హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు అదుముకుంది. బొగ్గు చిటపటమంటోంది, చాలా దగ్గరగా, మూసిన గదిలో. దాని వెనక ఒక ఊపిరి. చాలాసేపటికి ఇంకొకటి.

ఆమెకు మొత్తం అర్థమైంది. ములెంగా నాలుగింటికి బయట కుంపటి రాజేసి ఉంటుంది, పొగ ఆగగానే లోపలికి తెచ్చి, తలుపేసుకుని, పిండి పొంగేదాకా కూర్చుని కునికి ఉంటుంది. నా మాట వినకూడదనే పంతంతో చచ్చిపోతోంది ఇది, అనుకుంది కసోండే. పదకొండేళ్లలో ఎప్పుడూ మౌనంలో నోరెత్తని మనిషి మైకు తెరిచింది.

"బజారు వెనకవాళ్లు వినండి. ములెంగా ఇంట్లో కుంపటుంది, తలుపు వేసుంది. మనిషి లేవట్లేదు. తలుపు బద్దలు కొట్టండి. బాషి మ్వాన్సా, మీ ఇల్లే దగ్గర. ప్యాంటు తర్వాత వేసుకోవచ్చు, ముందు పరుగెత్తండి." ఒక్క క్షణం ఆగి, "మిగతావాళ్లు చప్పుడు చెయ్యకండి. నన్ను విననివ్వండి," అంది.

ఊరు ఊరంతా ఆగిపోయింది. తల్లులు పిల్లల నోళ్లు మూశారు. పాస్టర్ కఫూలా ఊపిరి కూడా బిగబట్టాడు.

కసోండేకి అడుగులు వినిపించాయి, నలుగురైదుగురివి. తలుపు మీద దెబ్బలు పడ్డాయి, చెక్క విరిగింది, పిండి గిన్నె దొర్లింది. "కుంపటి తర్వాత, ముందు మనిషిని లాగండి," అంటున్నాడు పక్కింటి బాషి మ్వాన్సా. "కాళ్లు పట్టుకో. అటు కాదు, ఇటు." తర్వాత అందరూ దూరమైపోయారు. ఖాళీ ఇంట్లో రేడియో ఒక్కటే జుమ్మంటోంది. అంత భయం కసోండేకి అమ్మ పోయిన రోజున కూడా వెయ్యలేదు.

అప్పుడు ఎవరో మళ్లీ లోపలికి వచ్చారు. "ఆ రేడియో కూడా బయటికి తెండి. వాళ్లక్క వింటోంది," అని బయట నుంచి బాషి మ్వాన్సా కేకేశాడు. రేడియో ఊగుతూ వచ్చింది. గాలి హోరు వినిపించింది. కాసేపటికి ఒక దగ్గు. తర్వాత వాంతి. తర్వాత సన్నగా, పీలగా ములెంగా గొంతు.

"నా తలుపెవరు విరగ్గొట్టారు?"

"మీ అక్క కొట్టమంది."

"అయితే కొత్తది ఆవిడతోనే పెట్టించండి."

కసోండే బల్ల మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరూ చెప్పకుండానే చిసంగా పెళ్లిపాట వేశాడు. పాస్టర్ కఫూలా కాగితాలు మడిచి కోటు జేబులో పెట్టుకుని, "నేను వచ్చేవారం వస్తానమ్మా. ఈరోజు నన్నెవరు వింటారు?" అన్నాడు.

కార్యక్రమం అయ్యాక ఆమె, చెల్లెల్ని చేర్చిన క్లినిక్కుకి పరుగెత్తింది. గండం గడిచిందనీ, ఇప్పుడు పట్టింది మంచి నిద్రేననీ నర్సు చెప్పింది. కసోండే చెల్లెలి పాదాలు కాసేపు రుద్ది, ఆమె లేవకముందే వెళ్లి వడ్రంగిని పిలుచుకొచ్చింది. కొత్త తలుపు పైన జానెడు ఖాళీ వదిలించింది, గాలి ఆడటానికి.

మూడోనాడు ఆరింటికి మళ్లీ మౌనం. అమ్మ రేడియో జుమ్మంటోంది. దాని వెనక గాలి, ఆ గాలిలో నూనె చుయ్యిమంటోంది. కుంపటి బయటే ఉంది. ఈరోజు గోడతో ఏం చెబుతుందోనని కసోండే కాచుకుని కూర్చుంది.

"అక్కా," అంది ములెంగా. "నీ గొంతు బొంగురుపోయింది. అల్లం నమలు."

కసోండే మైకు తెరిచి, "సరే," అంది.

ఆ మాట ఊరంతా విన్నది. మౌనంలో మాట్లాడావేమని గానీ, అది ఏ చర్చి ప్రార్థనని గానీ ఎవరూ అడగలేదు.