చరణం చివర గంట

గంట మళ్ళీ మోగింది.

"నీ నోట్లో మన్నుపడ" అని బ్రోన్యా ఆ గంటనే తిట్టి, మీటరు మీది అంకె చూసి చీటీ మీద వేసుకుంది. పొద్దున ఏడింటి నుంచీ ఇది నాలుగో చక్రం. పన్నెండు వందల అడుగుల గోధుమరంగు టేపు ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి చుట్టుకుంటూ పోతుంది. దారిలో చెడ్డ మచ్చ తగిలితే గంట మోగుతుంది. ఒక్కసారి మోగినా ఆ చక్రం పనికిరాని సరుకు కిందే లెక్క. ఆ శనివారం ఏ చక్రానికీ పదిసార్లకు తక్కువ మోగలేదు.

మిస్సిసిపీ ఒడ్డున మా వినోనాలో ఉన్న ఆ ఫ్యాక్టరీ పుట్టినప్పటి నుంచీ చేసింది చెక్కను నునుపు చేసే ఉప్పుకాగితం. యుద్ధం అయ్యాక పాటలు పట్టే టేపు మొదలుపెట్టారు. కాగితం మీద ఇసుక అంటించినవాళ్ళం, ప్లాస్టిక్కు మీద పాటను పట్టే ఇనుప తుప్పుపొడి అంటించలేమా అని వాళ్ళ ధీమా. అంటించారు కూడా. ఈలోగా, 1952లో, తూర్పు నుంచి కంప్యూటర్లు చేసే కంపెనీ తాలూకు ఇంజనీరు హేల్ గారు దిగాడు. జనం పుట్టిన తేదీలూ బీమా నంబర్లూ అట్టముక్కల మీద చిల్లులు పొడిచి గదులకు గదులు నింపుతున్నామనీ, అదంతా ఇక టేపు చక్రాల్లో ఇమడాలనీ చెప్పాడు. పాటలో ఒక చుక్క పోతే ఏ చెవికీ తెలియదు. అంకెల్లో ఒక చుక్క పోతే బతికున్న మనిషి పుట్టనే లేదని తేలుతుంది. కాబట్టి అంకెల టేపు మీద ఒక్క మచ్చ కూడా ఉండకూడదు. బుధవారం నాటికి మచ్చలేని చక్రం ఒకటి చూపిస్తే పని వినోనాది. చూపించలేకపోతే పని ఇంకో ఊరికి, టేపు విభాగంలోని ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు ఇళ్ళకు.

మరి మచ్చలెందుకు పడుతున్నాయి? సూపరింటెండెంటు డన్‌హామ్ గారికి ఈ ప్రశ్న మీద బుర్ర బద్దలు కొట్టుకోవలసిన అవసరమే రాలేదు. ఆడవాళ్ళు రాసుకునే పౌడరు వల్ల. ఇంకేముంటుంది? ఇరవై రెండు పౌడరు డబ్బాలూ, మూతల్లోని బుల్లి అద్దాలతో సహా, ఒక అట్టపెట్టెలో వేయించి తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఉన్ని స్వెట్టర్లు వద్దన్నాడు, అదీ జనవరిలో, మినసోటా చలిలో. రోజూ పొద్దున్నే తలుపు దగ్గర వరసలో నిలబెట్టి, బడిపిల్లల చేత కడిగించినట్టు మొహాలు కడిగించాడు. చన్నీళ్ళకి బుగ్గలు పగిలి మండాయి. గంట మాత్రం మోగుతూనే ఉంది.

"నా బుగ్గల సంగతి సరేలే. ఆయన తలలోంచి రాలే పొట్టు మాటేంటి?" అంది పక్క బల్ల దగ్గర క్లారా కులాస్. "దాన్ని ఏ బీరువాలో పెడతాడంట?"

"నెమ్మదిగా అనవే, వింటాడు."

"విననీ. బుధవారం దాకేగా మనం ఉండేది."

బ్రోన్యాకి నవ్వు రాలేదు. ఐదో చక్రం ఎక్కించింది. చేతులు పనిలో పడితే కూనిరాగం తీయడం ఆమెకు అలవాటు. పోలండు వైపు నుంచి వచ్చిన మా కషూబు ముసలమ్మలు ఓడలో వెంట తెచ్చుకున్న మరియమాత పాట ఒకటుంది. మా చర్చిలో చంటిపిల్లలకు కూడా నోటికి వచ్చు. రెండు పెద్ద చరణాలు, ఒక చిన్న పల్లవి, మళ్ళీ రెండు చరణాలు. గంట మోగగానే ఏమీ తోచక అదే ఎత్తుకుంది. మొదటి చరణం అయింది. గంట మోగింది. రెండో చరణం అయింది. గంట మోగింది. పల్లవి అయీ అవగానే గంట.

రాగం ఆమె గొంతులోనే ఆగిపోయింది.

పొద్దుటి చీటీలు తీసి బల్ల మీద పరిచింది. గంటకీ గంటకీ మధ్య నూట నలభై అడుగులు, నూట నలభై, డెబ్బై. మళ్ళీ నూట నలభై, నూట నలభై, డెబ్బై. నాలుగు చీటీల్లోనూ అదే వరస. పౌడరుకి పాటలు రావు కదా. ఆ పాటని అంత నిదానంగా పాడుకుంటూ పనిచేసే మనిషి ఆ ఫ్యాక్టరీ మొత్తానికి ఒక్కడే. టేపుకి పూత పూసే గదిలో ఉంటాడు. పేరు అలోయిజ్ లితెర్‌స్కి. బ్రోన్యాకి స్వయానా మామగారు.

ఆ గదిలో యంత్రానికున్న మోటారూ ఈ పరీక్ష బల్లకున్న మోటారూ జోడువి, రెండిటి నడకా ఒకటే. అక్కడ ఒక చరణం పట్టినంత టేపు ఇక్కడా ఒక చరణమే పడుతుంది. మామగారు చరణం చివర ఏం చేస్తాడో బ్రోన్యాకి తెలియనిది కాదు. ఉప్పుకాగితం రోజుల్లో గోడ గడియారాలు ఇసుక దుమ్ముకి ఆగిపోతుంటే, ముసలి కషూబులు పాటతోనే సమయం కొలిచేవాళ్ళు. చరణం ముగియగానే, నడుస్తున్న కాగితం మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు బొటనవేలు రాసి చూసేవాళ్ళు. గరుకు కుదిరిందో లేదో వేలే చెప్పేది. అందరి వేళ్ళలోకీ అలోయిజ్ వేలుకి పేరు. ఆయన వేలు సరేనంటే ఇంకెవరూ తనిఖీ చేసేవారు కాదు.

బ్రోన్యా పూత గది గాజు కిటికీ దాకా వెళ్ళి చూసింది. మామగారి వీపు కనిపించింది. కాసేపటికి కుడి భుజం కొద్దిగా ముందుకు వంగి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

డన్‌హామ్‌కి ఒక్క మాట చెబితే ఇరవై ఇద్దరి మీదా పడ్డ నింద పోతుంది. పోయి ఎవరి నెత్తిన పడుతుంది? మొగుడు యుద్ధంలో పోయినప్పుడు ఆమెను వెంటబెట్టుకుని ఈ ఫ్యాక్టరీ గేటు దాటించింది ఆయనే. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన మిగుల్చుకున్నదల్లా ఆ వేలుకున్న పేరే. చెప్పకపోతేనేమో బుధవారం అందరూ రోడ్డున పడతారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక బాతు నెత్తుటి పులుసు కాచి, ఆయనకి ఇష్టమని ఎండు ఆల్బుఖరా పళ్ళు కాసిని ఎక్కువే వేసింది. ఆయన రెండు గరిటెలు తినేదాకా ఆగింది.

"మామయ్యా, పూత గదిలో తొడుక్కునే మీ గ్లౌజులు ఇటివ్వండి, ఉతుకుతాను."

"శుభ్రంగానే ఉన్నాయిలే."

"ఇవ్వండి, చూద్దాం."

ఆయన గొణుక్కుంటూ కోటు జేబులోంచి తీశాడు. కుడి చేతి గ్లౌజుకి బొటనవేలు లేదు. కత్తెరతో నీటుగా కోసి, పోగులు రాకుండా అంచు కూడా కుట్టి ఉంది.

"ఇదేంటి?"

"గుడ్డ తొడిగితే వేలికి కళ్ళు మూసేసినట్టే. దానికేం తెలుస్తది?"

"దానికేం తెలియక్కర్లేదు. గంట మోగేది మీ వేలికే, మామయ్యా." చీటీలు తీసి పళ్ళెం పక్కన పెట్టింది. "నూట నలభై, నూట నలభై, డెబ్బై. కావాలంటే పాడుకుని చూడండి."

ఆయన పాడుకోలేదు. చీటీలు చూశాడు, తన చెయ్యి చూసుకున్నాడు. స్పూను కింద పెట్టాడు.

"ముప్పై నాలుగేళ్ళు. నీ మొగుడు నడక నేర్వకముందు నుంచి. ఈ వేలు తప్పు చెప్పిందని ఒక్కడన్నా అన్నాడా?"

"తప్పు చెప్పిందని నేనూ అనట్లేదు. ముట్టుకున్నచోట చెమట అంటుతోంది, అంతే. ఉప్పుకాగితాన్ని చెమట ఏం చేయలేదు. ఈ టేపు అలాంటిది కాదు."

"డన్‌హామ్‌కి చెప్పావా?"

"మీకు చెప్పకుండా ఆయనకెందుకు చెబుతాను?"

"చెప్పుకో, పో. ముసలాడి వేలు కోసి బీరువాలో పెట్టుకోమను."

పులుసు సగంలో వదిలేసి లేచిపోయాడు. బ్రోన్యా పళ్ళెం తీస్తూ ఏడ్చింది. బాధ సగం, కోపం సగం. ఇంతమంది బతుకుల కన్నా ఈయన బొటనవేలు ఎక్కువైపోయిందా అని కోపం.

సోమవారం ఆయన పలకరించలేదు. మంగళవారమూ లేదు. బుధవారం చూపించాల్సిన టేపుకి మంగళవారమే పూత పూశారు. లోపల మామగారు ఏం చేస్తున్నాడో చూద్దామంటే, వెలుతురుతో పాటు దుమ్ము కూడా వస్తుందనుకున్నాడో ఏమో, డన్‌హామ్ కిటికీకి మందపాటి కాగితం అంటించేశాడు. పాట మాత్రం లోపలి నుంచి సన్నగా వినిపిస్తూనే ఉంది. చరణం ముగిసినప్పుడల్లా బ్రోన్యా తలెత్తి ఆ కాగితం వైపు చూసింది.

బుధవారం పది గంటలకి హేల్ గారు వచ్చాడు. డన్‌హామ్ కొత్త టై కట్టుకున్నాడు. ఆడవాళ్ళందరూ కడిగిన మొహాలతో గోడ వారగా నిలబడ్డారు. బ్రోన్యా చక్రం ఎక్కించి మీట నొక్కింది. మనసులోనే పాట ఎత్తుకుంది.

మొదటి చరణం అయింది. ఏమీ మోగలేదు. ఆలస్యంగా మోగుతుందేమోనని చూసింది. రెండో చరణం అయింది. క్లారా ఆమె జాకెట్టు అంచు పట్టుకుని మెలిపెడుతోంది. పల్లవి అయింది. మళ్ళీ చరణం, మళ్ళీ చరణం. గదిలో మోటారు రొద తప్ప చప్పుడు లేదు. టేపు కొస బయటికి వచ్చి చక్రం మీద టపటప కొట్టుకునేసరికి పన్నెండు వందల అడుగులూ అయిపోయాయి. గంట మోగలేదు.

"గంట పాడైందేమో చూడండి" అన్నాడు హేల్.

బ్రోన్యా పాత టేపు ముక్క ఒకటి పెట్టింది. ఖంగున మోగింది. మంచి చక్రాన్ని మళ్ళీ నడిపారు. ఈసారీ మోగలేదు. హేల్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇంతకాలం ఎన్నో ఊళ్ళు తిరిగాను. ఇలాంటిది ఎక్కడా చూడలేదు. పని మీదే" అన్నాడు.

డన్‌హామ్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "నేను చెప్పలేదూ? అంతా క్రమశిక్షణ వల్లే. వీళ్ళ పౌడర్లు మాన్పించి, మొహాలు కడిగిస్తే ఇదిగో, ఫలితం మీ ఎదురుగా ఉంది. ఈ ఏర్పాటు ఇకముందు కూడా ఇలాగే సాగుతుంది."

గెలిచిన సంతోషం గోడ వారగా నిలబడ్డ మొహాల్లోంచి చప్పున దిగిపోయింది. చీటీలు బ్రోన్యా జేబులోనే ఉన్నాయి. తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది. కానీ ముసలాయన వేలు ఆపుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళ అలవాటుని రెండు రోజుల్లో చంపుకున్నాడు. అలాంటి మనిషి పరువు తీసి నెగ్గడం ఆమెకు చేతకాలేదు. పెదవి కొరుక్కుని నేల చూపులు చూసింది.

అప్పుడు పూత గది తలుపు తెరుచుకుంది. అలోయిజ్ బయటికి వచ్చాడు. కుడి బొటనవేలికి గుడ్డ చుట్టీ చుట్టీ వంకాయంత చేశాడు. ఎడమ చేతిలో ఒక చక్రం ఉంది.

"ఇది ఎక్కించమ్మా" అన్నాడు కోడలితో. ఆదివారం తర్వాత అదే మొదటి మాట.

"అలోయిజ్, అది శనివారం తీసిపారేసిన సరుకు" అన్నాడు డన్‌హామ్.

"ఎరుగుదును. తయారుచేసింది నేనేగా."

బ్రోన్యా ఎక్కించింది. మొదటి గంట మోగగానే ముసలాయన గొంతు సవరించుకుని పాట అందుకున్నాడు. బొంగురు గొంతే అయినా శ్రుతి తప్పలేదు. చరణం ముగించి, గుడ్డ చుట్టిన వేలు పైకెత్తాడు. గంట మోగింది. రెండో చరణం ముగించి వేలెత్తాడు. గంట మోగింది. హేల్ బల్ల దగ్గరికి జరిగాడు. పల్లవికి క్లారా గొంతు కలిపింది. వేలు లేచింది, గంట మోగింది. మూడో చరణం ఇరవై ఇద్దరూ పాడారు. పగిలిన బుగ్గలతో, గోడలదిరేలా పాడారు. చివరి మాట దగ్గర ముసలాయనతో పాటు హేల్ కూడా వేలెత్తాడు. గంట మోగింది.

"ఇదయ్యా మీ పౌడరు" అని అలోయిజ్ బొటనవేలు డన్‌హామ్ ముక్కు కిందికి తెచ్చి చూపించాడు. "చరణానికోసారి నేనే ముట్టుకున్నాను. వీళ్ళ మొహాలకీ దీనికీ ఏ సంబంధం లేదు. పట్టుకుంది నా కోడలు. నాకు మొహం మీద చెప్పింది, మీకు చెప్పలేదు. మూడు రోజులు మాట్లాడకుండా దాన్ని ఏడిపించాను. ఆ తప్పూ నాదే."

బ్రోన్యాకి కన్నీళ్ళు వచ్చాయి, ధారాళంగా. హేల్ ఆమె చీటీలు అడిగి తీసుకుని ఒక్కొక్కటీ చదివాడు. తర్వాత ముసలాయన వైపు తిరిగి, "ప్రతి చక్రానికీ మొదటి పది అడుగులు ఎలాగూ కోసి పారేస్తాం. అక్కడ మీ వేలితో చూసి చెప్పండి. అంత నమ్మకమైన యంత్రం నా దగ్గర లేదు" అన్నాడు.

అలోయిజ్ తల ఊపాడు గాని, ఆయన చూపు డన్‌హామ్ మీదే ఉంది. "బీరువా తాళంచెవి ఇవ్వండి."

డన్‌హామ్ అటు చూశాడు, ఇటు చూశాడు. హేల్ కూడా ఆయన్నే చూస్తున్నాడు. తాళంచెవి ఇచ్చాడు.

ముసలాయన అట్టపెట్టె తెచ్చి, గోడ వారగా నడుస్తూ, పేరుపేరునా పిలిచి ఎవరి డబ్బా వాళ్ళ చేతిలో పెట్టాడు. చివరిది కోడలిది. దాని మూత ఊడి రావడం లేదు. కట్టు కట్టిన వేలితో కుస్తీ పట్టి, తనే తీసి, ఆమె మొహానికి ఎదురుగా అద్దం పట్టుకున్నాడు.

"రాసుకో అమ్మా. కళ్ళ కింద చారికలు పడ్డాయి."

ఇరవై రెండు డబ్బాలు ఒక్కసారి తెరుచుకున్నాయి. సూపరింటెండెంటు గారి ఎదుటే అందరూ బుగ్గలకు అద్దుకున్నారు. క్లారా అయితే ఇంకాస్త తీసి గాల్లోకి ఊదింది. గదంతా తెల్లగా, గులాబీ వాసనతో నిండిపోయింది. ఆ పొడి ఇంకా గాల్లో తేలుతుండగానే బ్రోన్యా మంగళవారం నాటి రెండో చక్రం ఎక్కించి మీట నొక్కింది.

పన్నెండు వందల అడుగులూ నడిచింది. గంట మోగలేదు.