రెండిళ్ళ మాత్రలు

ఆంజినమ్మ మేకల దొడ్డి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. చిన్నకోడలు చౌడేశ్వరి వచ్చి లేపింది. ఈ నెల వంతు తనదే అయినా పెద్దకోడలు హేమావతి గడప దాటలేదు.

భర్త పోయాక ఆంజినమ్మకు తిండి ఒక నెల ఒక కొడుకు ఇంట్లో, మరో నెల ఇంకో కొడుకు ఇంట్లో. అమావాస్యకు వంతు మారుతుంది. బీపీ మాత్రలకు మాత్రం వంతు లేదు. హేమావతి సర్కారు ఆసుపత్రి మాత్ర పెడుతుంది. చౌడేశ్వరి కళ్యాణదుర్గం డాక్టరు రాసిన మాత్ర రెండిళ్ళ మధ్య గోడ మీదుగా అందిస్తుంది. ఏ ఒక్కటి వద్దన్నా ఆ కోడలి వాకిలి మూసుకుంటుంది. అందుకని రెండూ మింగుతుంది.

చౌడేశ్వరి ఆటోలో కంబదూరు తీసుకుపోయింది. అక్కడి డాక్టరు ఆంజినమ్మను నిలబెట్టి బీపీ చూశాడు. రెండు మాత్రల అట్టలూ పక్కపక్కన పెట్టాడు.

"రెండిట్లోనూ ఒకే మందు ఉండాదమ్మా. చిన్నామె ఇచ్చేదాంట్లో ఇంకోటి కూడా కలిపినారు. నీకు రెట్టింపు పడతాండాది. దానికే తల తిరిగేది, కాళ్ళు వాచేది. ఈ కలిపిన మాత్ర ఒక్కటే మింగు. వారం పోయినాక వచ్చి చూపించు. ఎవురేమిచ్చినా నాకు చూపించకుండా నోట్లో వేసుకోవద్దు."

"చూసినావా అత్తా? మాదే గెలిచింది," అంది చౌడేశ్వరి. తిరిగొస్తూ ఆటోలో ఆ మాటే ఫోనులో ఎవరికో చెప్పి నవ్వింది.

ముసలిది బతుకుతుందా అని ఎవరూ అడగలేదు. ఆంజినమ్మకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఇన్నాళ్ళూ అరచేతిలో మాత్ర పడ్డప్పుడల్లా తన కోసం ఇద్దరు పోటీపడుతున్నారని లోలోపల మురిసిపోయింది. ఆ పోటీని ప్రేమనుకుని మింగింది.

పొద్దుగూకాక హేమావతి సంగటి ముద్ద పక్కనే మాత్ర పెట్టింది.

"డాక్టరు వద్దన్నాడే."

"డాక్టరు అన్నాడా, చౌడి అన్నాదా? ఇన్నాళ్ళూ నా చేతిది మింగే బతికినావు. ఇప్పుడు విషమయిందా?"

"విషమని నేనన్లేదు."

"నా ముద్ద కావాల, నా మాత్ర వద్దు. నోరు ఒకటేగదా నీకు!"

గోడ అవతల నుంచి చౌడేశ్వరి అరిచింది. "మింగొద్దు అత్తా! చంపేస్తాది!"

"నువ్వూ నోరు మూసుకో," అంది ఆంజినమ్మ.

మాత్ర తీసి నేల మీద పెట్టింది. హేమావతి కంచం లాక్కుంది. తినడానికి కడుక్కున్న చెయ్యి ఆంజినమ్మ చీరకు తుడుచుకుంది. ముద్ద అడగలేదు. మాత్ర మళ్ళీ ముట్టలేదు.