ఏడు బారలు

ఏసోబు ఉక్కు టేపు కొసకి రెండువైపులా సుద్ద రుద్ది, బావిలోకి వదిలాడు. టేపు సన్నగా పాడుతూ దిగింది. పైకి లాగితే సుద్ద తడిసినంత మేరా బూడిదరంగు తేలింది. దింపిన పొడుగులోంచి తడిసినంత తీసేసి, పుస్తకంలో నీళ్లదాకా 6.20 మీటర్లు అని గుండ్రంగా రాశాడు. పంతొమ్మిదేళ్లుగా చూస్తున్నదే. అయినా ఆ తడిగీత కనబడితే అతని పెదవి చివర ఇంకా చిన్న నవ్వు పుడుతుంది.

పొట్టి మనిషి. నుదుటి మీద టోపీ చేసిన గీత, కుడి బొటనవేలి సందులో ఎప్పటికీ వదలని సుద్ద. టేపు చేతికిచ్చిన మొదటిరోజు ఇంటికి పట్టుకెళ్లి భార్య ఎలీసమ్మ జడ కొలిచాడు. తొంభై ఒక్క సెంటీమీటర్లు. "బావుల ఆఫీసోళ్లు దీనికి కూడా జీతమిస్తారా?" అని ఆవిడ పడీపడీ నవ్వింది. ఆ అంకె పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాడు. పుస్తకం నిండినప్పుడల్లా కొత్త అట్ట మీదికి ఎక్కిస్తూ వచ్చాడు.

ఈ అక్టోబరు ఆఖరి రోజుతో భూగర్భజలాల ఆఫీసులో అతని ఉద్యోగం అయిపోతుంది. ఇంకొక్క బావి మిగిలింది. హైదరాబాదు నించి వచ్చిన కుర్ర ఇంజనీరు గురునాథం, జీపు ఎక్కగానే ఒళ్లో కంప్యూటరు కాగితాల దొంతర పరిచాడు.

గుండ్లకమ్మ ఏటినీ, ఒడ్డున నేలలో ఉన్న నీళ్లనీ గళ్లు గళ్లుగా గీసి కంప్యూటరు లెక్కలోకి ఎక్కించారట. ఏరు పారితే అడుగు ఇసకలోంచి నీళ్లు నేలలోకి ఇంకుతాయి, ఒడ్డు బావుల్లో నీళ్లు లేస్తాయి. పన్నెండు బావుల్లో పదకొండు అలాగే లేచాయి. ఇప్పుడు వెళ్తున్న కోటేశ్వరమ్మగారి బావి ఒక్కటే పదకొండేళ్లుగా కదలలేదు.

"ఏసోబు గారి కొలత తప్పదని మా సార్ అన్నారు. అందుకే లెక్కే మార్చాం. అక్కడ ఏటి అడుగున బంకమట్టి ఉందని పెట్టాం," అన్నాడు గురునాథం, మెచ్చుకోలుగా.

బంకమట్టి ఉంటే ఒడ్డున బోర్లు ఎన్ని వేసినా ఏటి నీళ్లు తగ్గవు. అందుకని మిరపతోటలకి యాభై బోర్లు మంజూరవుతున్నాయట.

ఏసోబు కిటికీలోంచి పత్తిచేల వైపు తిరిగాడు. చెవులు కాలిపోతున్నాయి. అక్కడ బంకమట్టి లేదు. ఆ బావి దిగువనే అతని పల్లె. మార్చి నెలలో ఎలీసమ్మ ఏటి ఇసకలో చెలమ తవ్వి, చిప్పతో నీళ్లు తోడి బిందె నింపుతుంది. బోర్లు పడితే ఆ చెలమలో ఊరేది ఇసకే.

పదకొండేళ్ల కిందట మొదటిసారి ఆ బావి దగ్గర టేపు విప్పుతుంటే, అరుగు మీంచి కోటేశ్వరమ్మ ఏ ఊరని అడిగింది. పల్లె పేరు చెప్పాడు. ఆవిడ కసురుకోలేదు. "మంచినీళ్ల బావి నాయనా. నువ్వందులో ఏం దించమాకు. నేను చెబుతాగా, ఏడు బారలు," అంది ఎంతో మెత్తగా. చూరులో గుచ్చిన సత్తు గ్లాసు తీసి, ఎత్తు నించి మజ్జిగ పోసింది. తాగాడు. గ్లాసు కడిగి చూరులో పెట్టాడు. బారకి చాచిన రెండు చేతుల పొడుగు చొప్పున ఏడు బారల్ని మీటర్లు చేసి 12.80 అని రాశాడు.

ఆ మాట ఆఫీసులో చెప్పడానికి నోరు రాలేదు. ప్రతినెలా అదే ఏడు బారలు, అదే మజ్జిగ. అంకె మరీ ఒకేలా ఉంటే పట్టుబడతానని ఒక నెల అయిదు సెంటీమీటర్లు కలిపేవాడు, ఒక నెల తీసేవాడు. ఆవిడ చెప్పిన ఏడు బారల కన్నా, తను కలిపిన ఆ అయిదు సెంటీమీటర్లే అతన్ని ఎక్కువ కుంగదీసేవి.

జీపు ఆగింది. ఏసోబు దిగి, టేపుకి సుద్ద రాసి ఇంజనీరు చేతిలో పెట్టాడు.

"మీరే దించండి సార్. ఈ బావిలో నేనెప్పుడూ దించలేదు."

గురునాథానికి అర్థం కాలేదు. గట్టు మీదికి వెళ్లి టేపు వదిలాడు. నాలుగు మీటర్లన్నా దిగకముందే కింద నీళ్ల చప్పుడైంది. కొలత తీస్తే 3.85. ఏసోబు ఇచ్చిన పుస్తకంలో పోయిన నెల చూశాడు. 12.85. ముందు నెల 12.80.

అప్పుడే కోటేశ్వరమ్మ మజ్జిగ చెంబుతో బయటికొచ్చింది. ఇంజనీరు పేరూ ఇంటిపేరూ అడిగి తృప్తిపడి, ఇత్తడి గ్లాసు అందించింది. తరువాత చూరులోంచి సత్తు గ్లాసు తీసింది.

"ఈ అబ్బాయికి శ్రమెందుకని నేనే చెప్పేదాన్ని బాబూ. పెళ్లై వచ్చినప్పట్నించీ ఏడు బారలే ఈ బావి."

గురునాథం సత్తు గ్లాసు వంక చూశాడు. తన ఇత్తడి గ్లాసు వంక చూసుకుని తల దించుకున్నాడు.

"ఆవిడ తప్పని రాసుకోకండి సార్," అన్నాడు ఏసోబు. "అయిదేసి సెంటీమీటర్లు కలిపింది నేనే. పదకొండేళ్లు. అక్కడ ఏటి అడుగంతా ఇసకే."

గురునాథం, "బోర్ల కాగితం ఆపిస్తాను," అన్నాడు. పుస్తకం మాత్రం పై వాళ్లకి చూపించక తప్పదన్నాడు. చూపించమన్నాడు ఏసోబు. పుస్తకం అందుకుని, 3.85 తన చేత్తోనే రాసి, కింద సంతకం చేశాడు. తిరిగి ఇచ్చేముందు వెనక అట్ట ఒకసారి తడుముకున్నాడు. జీపెక్కమంటే వద్దన్నాడు. ఏటి గట్టున నడిస్తే ఇల్లు దగ్గరే.

కోటేశ్వరమ్మ పోసిన మజ్జిగ అందుకున్నాడు గానీ, ఈసారి తాగలేదు. గ్లాసు అరుగు మీద పెట్టి నడిచిపోయాడు.

అంచు దాకా మజ్జిగతో ఆ సత్తు గ్లాసు అక్కడే ఉంది, దాని నడుం చుట్టూ నాలుగు తెల్లటి సుద్ద వేళ్లు.