నలభై ఎనిమిది తర్వాత

మూడో తరగతి టీచరమ్మకు ఆ బడిలో ఉద్యోగం తాత్కాలికం. తాత్కాలికం, తాత్కాలికం అంటూనే మూడేళ్లు గడిచిపోయాయి. ఏటా సెలవులకు ముందు పటాలూ పెట్టెలూ సర్దుకుని ఇంటికి పట్టుకుపోవడం, మళ్లీ పిలుపు వస్తే అవన్నీ మోసుకురావడం. ఈసారి తనిఖీలో పాఠం బాగుందని రాస్తే ఖాయం చేస్తామన్నారు. బాగాలేదని రాస్తే నాలుగో ఏడూ అదే మోత.

తనిఖీకి ఇచ్చిన పాఠం సంఖ్యల వరుసలు. మూడు, ఆరు, తొమ్మిది అని ఒక వరుస మొదలైతే తర్వాత వచ్చేదేమిటో పిల్లలు తమంతట తాము కనుక్కోవాలి. పుస్తకంలో ఒకటిన్నర పేజీ. చెప్పబోతే మాత్రం చుక్కలు కనిపిస్తాయి. నెల ముందు ఒకసారి చెప్పి చూసింది. తొమ్మిది తర్వాత పది అన్నారు సగంమంది. ఆమె కనుబొమలు ముడిపడటం చూసి తక్కిన సగంమంది పదకొండు అన్నారు.

తనిఖీ వస్తోందంటే పాఠాన్ని నాటకంలాగా ముందే సాధన చేయించడం ఆ బడిలో అలవాటు. హెడ్‌మాస్టరు దానికి 'తయారీ' అని పేరు పెట్టుకున్నాడు.

"అందరూ చేసేదేనమ్మా. మీరొక్కరూ మడికట్టుకు కూర్చుంటే ఎవరికి లాభం?" అన్నాడు.

ఆమె కాదనలేదు. గదిలో పదహారు మంది పిల్లలు, గోడల వెంట ఒకే వరసలో పదహారు కుర్చీలు. తలుపు పక్కనున్న పిల్లకు మూడు, ఆ పక్కవాడికి ఆరు, ఆ పక్కదానికి తొమ్మిది, అలా తలా ఒకటి పంచిపెట్టింది. కిటికీ పక్కనున్న ఆఖరి కుర్చీకి నలభై ఎనిమిది వచ్చింది. అక్కడ కూర్చునే పిల్ల ఏమడిగినా కాసేపు పైకప్పుకేసి చూసిగానీ చెప్పదు. తన వంతు వచ్చేలోగా గుర్తు తెచ్చుకుంటుందిలే అని దాన్ని కావాలనే ఆఖర్న వేసింది.

ఎవరి సంఖ్య వాళ్లు నిద్రలో లేపి అడిగినా చెప్పాలంది. పిల్లలు అంతకంటే ఎక్కువే చేశారు. రెండు వారాలు తిరిగేసరికి పేర్లు మానేసి సంఖ్యలతోనే పిలుచుకోవడం మొదలుపెట్టారు. "టీచర్, ఇరవై ఒకటి నా రబ్బరు ఇవ్వట్లేదు" అని ఫిర్యాదు వస్తే ఆమె నవ్వుకుంది కూడా. అప్పుడే భయపడాల్సింది.

తనిఖీ రోజున అధికారిణి వచ్చి, ఒళ్లో కాగితాల అట్ట పెట్టుకుని గోడ వారగా కూర్చుంది. హెడ్‌మాస్టరు ఆవిడ పక్కనే నిలబడ్డాడు. టీచరమ్మ బోర్డు మీద మూడు వేసి, చెప్పండి అన్నట్టు చెయ్యి చూపించింది. మూడు, ఆరు, తొమ్మిది గడగడా వచ్చాయి. నాలుగో కుర్చీ ఖాళీ. అది ఆమె పొద్దున్నే చూసింది, ఆ సంఖ్య తానే అందిద్దామనుకుంది. ఆమె నోరు తెరిచేలోపే ఐదో కుర్చీవాడు లేచి "పదిహేను" అనేసి కూర్చున్నాడు. వాడికిచ్చింది అదే. వాడి వెనక తక్కినవాళ్లూ ఆగకుండా నలభై ఎనిమిది దాకా అప్పజెప్పేశారు.

"తొమ్మిది తర్వాత పదిహేనా? మధ్యలో పన్నెండు ఏమైంది?" అని అధికారిణి అడిగింది.

"పన్నెండుకి జ్వరమండీ," అంది మూడో కుర్చీ పిల్ల జాలిగా.

హెడ్‌మాస్టరు దగ్గాడు. అధికారిణి ఆఖరి కుర్చీ వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. నలభై ఎనిమిది తర్వాత ఏమొస్తుంది?"

ఆ పిల్ల అలవాటుగా పైకప్పు చూసింది. తర్వాత పక్కకు చూసింది.

"నా తర్వాత కిటికీ అండీ."

పిల్లలెవరూ నవ్వలేదు. నవ్వడానికి అందులో వాళ్లకేమీ కనిపించలేదు.

"కొత్తవాళ్లని చూసి బెదిరారండీ," అన్నాడు హెడ్‌మాస్టరు.

టీచరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ మాట పట్టుకుని గట్టెక్కొచ్చునని తెలుసు. కానీ బెదరని పిల్లల్ని బెదిరారనడానికి నోరు రాలేదు.

"బెదరలేదండీ. నేనే తలా ఒకటి పంచాను. ఇంకా పావుగంట ఉంది, చెప్పమంటారా?"

"చెప్పండి," అంది అధికారిణి.

ఆమె అరడబ్బా సుద్దముక్కలు తీసింది. ఒక్కొక్కరూ మూడేసి తీసుకుని కుర్చీ ముందు పెట్టాలి, తలుపు దగ్గర్నుంచి అక్కడిదాకా మొత్తం ఎన్నయ్యాయో చెప్పాలి. ఖాళీ కుర్చీ ముందు తానే మూడు పెట్టింది. అక్కడ పన్నెండయ్యాయి. జ్వరమొచ్చిన పిల్ల లేకపోయినా పన్నెండు అక్కడే ఉండటం ఐదో కుర్చీవాడికి బొత్తిగా నచ్చలేదు. రెండుసార్లు లెక్కపెట్టుకుని ఒప్పుకున్నాడు. కిటికీ గట్టు మీద ఆఖరి మూడూ పెడితే యాభై ఒకటి. డబ్బా ఖాళీ అయింది.

"ఇప్పుడెలాగ?" అంది ఆమె.

వరండా మెట్టు మీద మూడు పెట్టామనుకుందాం అన్నారెవరో. యాభై నాలుగు. కుళాయి దగ్గర యాభై ఏడు. సైకిళ్ల దగ్గర అరవై. ముక్కలు లేకుండానే వరస ముందుకు సాగింది.

"గేటు దాటాక కూడా ఉంటాయా టీచర్?"

"ఉంటాయి."

"మరెక్కడ ఆగుతాయి?"

"ఆగవు."

పిల్లలు కిటికీలోంచి గేటు వైపు చూశారు. చాలా రోజుల తర్వాత ఆమెకు చెప్పడంలో సంతోషం అనిపించింది.

గంట కొట్టాక అధికారిణి కాగితం ఆమె ముందు పెట్టింది. పిల్లల చేత జవాబులు ముందే కంఠస్థం చేయించారనీ, ఈ ఏడాదికి ఖాయం చేయవద్దనీ అందులో ఉంది.

"చివర్లో చెప్పింది బాగుంది. అలా చెప్పడానికి మీకు నెల రోజులున్నాయి కదా," అందావిడ. కోపంగా అనలేదు.

టీచరమ్మ సంతకం పెట్టింది. హెడ్‌మాస్టరు ఆవిణ్ణి సాగనంపడానికి ఏదో చెప్పుకుంటూ వెంట వెళ్లాడు.

ఆమె కుర్చీలో కూలబడింది. ఖాళీ సుద్ద డబ్బాకు మూత పెట్టింది. పిల్లలు మాత్రం వరసను వదల్లేదు. బోర్డు దగ్గర గుమిగూడి ఒకడి చేత రాయిస్తున్నారు. తొంభై మూడు, తొంభై ఆరు, తొంభై తొమ్మిది. ఆ తర్వాత వాడు పెద్ద సున్నాలతో వంద వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అంత దూరం వచ్చాక వంద రాకపోతే ఎలాగ?

ఆఖరి కుర్చీ పిల్ల కొట్టలేదు. పైకప్పు చూసి, చూసి, తల అడ్డంగా ఊపింది.

"వంద మన దార్లో లేదు," అంది. "మూడు వేస్తే అది దాటిపోతుంది."

తక్కిన పద్నాలుగు మందీ మీద పడ్డారు. వంద లేకపోవడమేమిటన్నారు. అది ఎవరికేసీ చూడలేదు, టీచరు మొహం కూడా చూడలేదు. రాదంటే రాదంది.

టీచరమ్మ గుమ్మం వైపు చూసింది. వరండాలో ఎవరూ లేరు. అప్పుడు ఏడ్చింది, ఎక్కువసేపు కాదు. లేచి వెళ్లి, వంద తుడిచేసి, సుద్దముక్క ఆ పిల్ల చేతికిచ్చింది.