మీసంలో చెరి సగం

రత్నం బావ చెప్పులు చేతబట్టుకుని హైదరాబాదు ఆర్ట్ గ్యాలరీలోకి నడిచొస్తున్నాడు, చనిపోయి ఆరేళ్ళయినా పొట్ట ఏమాత్రం తగ్గలేదు, నేలేమో కాకినాడలో ఇద్దరూ కలిసి సినిమా బ్యానర్లు వేసిన రేకుల షెడ్డు నేలలా రంగులు చింది ఉంది, తెల్లటి గోడలు వెనక్కి వెనక్కి జరిగిపోతున్నాయి, బెంచీ మీద కూర్చున్న సోమరాజుకు ఇందులో వింతేమీ కనిపించడం లేదు.

"ఏరా సోమరిరాజూ! గ్యాలరీ అన్నావు, గాలే రాదేంట్రా?"

"ఏసీ బావా. అయినా పోయినవాడివి, ఇక్కడికెలా వచ్చావు?"

"పోయినోణ్ణి గనకే ఎక్కడికైనా పోతాను. ఈ మూల నిచ్చెన కూడా బొమ్మేనా?"

"అది బల్బులు మార్చేవాళ్ళది. మిగతాదంతా కళ బావా."

"కల అని నాకూ తెలుసులే!"

ఎదుటి గోడ నిండా వాళ్ళ ఇరవై అడుగుల బ్యానరు ఊపిరి పీలుస్తోంది. షెడ్డు చిన్నది కాబట్టి గుడ్డని రెండు ముక్కలు చేసి, ఎడమ సగం బావ, కుడి సగం తను వేసి, థియేటరు దగ్గర కలిపి కుట్టించేవాళ్ళు. ఈ బ్యానరు పైకెత్తగానే ఊరంతా గొల్లుమంది, హీరోగారి మీసం ఎడమవైపు పైకి, కుడివైపు కిందికి! "బావకి ఫొటో చూడ్డం రాదు" అని సోమరాజు అందరి ముందూ అనేశాడు, బావ ఆ పూటే మాటలు మానేశాడు, మానేసినవాడు మానేసినట్టే పోయాడు. ఇప్పుడు గ్యాలరీవాళ్ళు అదే గొప్ప బొమ్మంటున్నారు, కింద అతికించే చీటీ మీద వేసినవాళ్ళ పేరు చెప్పమంటున్నారు, సోమరాజేమో ఆలోచించి చెబుతానని ఈ బెంచీ మీద కూర్చున్నాడు.

"బావా, తప్పు నాదే. సినిమా ఆఫీసు మనిషొచ్చి, హీరోది ఏడుపు పాత్ర, మీసం దించమన్నాడు. దించేసి, నీకు చెప్పడం మరిచి భోజనానికి పోయాను."

బావ పొట్ట ఊగుతోంది, దానితోపాటు గోడలూ, గోడ మీది మీసమూ ఊగుతున్నాయి, అది నవ్వని తెలియడానికి కాస్త సమయం పడుతోంది.

"ఆడు ముందు నా దగ్గరికే వచ్చాడ్రా! హీరో మీసం దించడం నా వల్ల కాదు, పొమ్మన్నాను. నువ్వూ దించవులే అనుకుని నీకు చెప్పలేదు."

"మరి ఇన్నేళ్ళూ మాటెందుకు మానేశావు?"

"నువ్వొచ్చి చెబితే నేనూ చెబుదామని కూర్చున్నాను. నువ్వు రావు, నేను లేవను. మీసంలో చెరి సగం, మోసంలోనూ చెరి సగం!"

సోమరాజు మొహం ఇప్పుడు అచ్చం ఆ బ్యానరులాగే ఉంది, సగం నవ్వు, సగం ఏడుపు.

"జరిగిందేదో జరిగింది, ఇక నువ్వు జరుగు. నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తన్నాయి" అంటూ బావ పక్కన కూలబడుతున్నాడు, భుజానికి భుజం వెచ్చగా తగులుతోంది, బెంచీ కిర్రుమంటోంది...

"సార్! సోమరాజుగారూ!"

కళ్ళు తెరిస్తే మధ్యాహ్నపు వెలుగు. గ్యాలరీ అమ్మాయి లిఖిత పెన్ను పట్టుకుని నిలబడి ఉంది. "పేరు చెప్తారా సార్?"

"రెండు పేర్లమ్మా. ముందు వెంకటరత్నం. తర్వాత నాది."

"ఆ మీసం ఎవరు వేశారని అడిగితే?"

"ఇద్దరం."

రాసుకుని, ఆమె నవ్వింది. "ఇంత బెంచీ ఖాళీగా ఉంటే ఆ చివర కూర్చుని కునుకు తీశారేంటి సార్? పడిపోయేవారు!"

సోమరాజు చూసుకున్నాడు. నిజమే. పొట్టగల మనిషి ఒకడు హాయిగా కూర్చునేంత చోటు వదిలేసి, తను బెంచీ కొసన వేలాడుతున్నాడు.