ఎవెలియో తల ఆన్చిన చోటు

చచ్చిన మొగుడి తల జిడ్డును ఇంట్లో పెట్టుకుని కొలవడం కస్టోడియా వల్ల కాదు. ఊగుడు కుర్చీకి వడ్రంగి ఎస్టోర్హియో కొత్తగా లక్క పూసి, చేతులూ కాళ్లూ తళతళలాడించి తెచ్చాడు. తల ఆనే పైపట్టీని మాత్రం ముట్టుకోలేదు. ఎవెలియో ముప్పై ఏళ్లు తల ఆన్చిన చోట నూనె పేరుకుని, ఎర్రటి చెక్క మీద నల్లగా అట్ట కట్టింది. చుట్టూ మెరిసేసరికి అది మరీ రోతగా కనబడుతోంది.

"ఇదేం పని నాయనా? మొహమంతా కడిగి ముక్కు కింద చీమిడి వదిలేసినట్టు!"

"నాదేం లేదమ్మగారూ. మీ అమ్మాయే ముట్టుకోవద్దంది. నాన్న గుర్తంట."

రేపు చర్చిలో ఎవెలియోకి ఏడాది ప్రార్థన. అది కాగానే ఈ మొంపోస్ ఊళ్లో ఏ విధవైనా నల్లబట్టలు విప్పేస్తుంది. సాయంత్రాలు కుర్చీలు వీధిలో వేయించుకుని, నది గాలికి ఊగుతూ వచ్చేపోయేవాళ్లతో ముచ్చట్లాడుతుంది. తలుపులు మూసుకుని ఏడాదంతా ఆమె ఆ గాలి కోసమే కాచుకుంది. ఇప్పుడు పక్కన ఈ జిడ్డు కూడా ఊగుతుందా, తను చచ్చేదాకా?

"ఆ స్పిరిట్ సీసా ఇలా తే."

"అది తగిలితే పాత లక్కంతా కరిగి ఊడొస్తుందమ్మా!"

"రావాలనే."

గుడ్డ తడిపి రుద్దింది. నల్లటి జిగురు వేళ్లకంటింది. దాంతోపాటు లావెండర్ నూనె వాసన గుప్పున లేచింది. బతికుండగా ఆ కుర్చీలోంచి చిటికేసి పిలిచేవాడు, ఇప్పుడు కంపు కొట్టి పిలుస్తున్నాడు వెధవ! పళ్లు బిగించి ఇంకా గట్టిగా రుద్దింది.

చర్చికి పూలిచ్చి అప్పుడే వచ్చిన కూతురు నూబియా గుమ్మంలోనే కేక పెట్టింది. "అమ్మా! నాన్న తల ఆన్చిన చోటే అది!"

"అవునే, ఆ తలే. మనింట్లో కొబ్బరినూనె తప్ప ఇంకోటి ఎన్నడైనా చూశావా? ఇది ఎవరింటి నూనో అడిగావా? రేవు దగ్గర ఆ బెనీల్డా ఉంది చూడు, అది ఒళ్లో పడుకోబెట్టుకుని మర్దనా చేసి పంపేది. ఊరంతా ఎరుగును."

ఎస్టోర్హియో తల వంచుకుని సీసాకు బిరడా బిగించాడు. నూబియా ఏడుస్తుందనుకుంది కస్టోడియా. ఏడవలేదు.

"నాకూ తెలుసమ్మా. బడి వదిలాక నాన్న నన్ను కూడా తీసుకెళ్లేవాడు. నా తలకీ ఆవిడే నూనె రాసి జడ వేసేది. మంచి మనిషమ్మా."

కస్టోడియా చెయ్యి ఆగిపోయింది. సాయంత్రం తండ్రి భుజమెక్కి ఇంటికొచ్చే పిల్లను గుమ్మంలోనే అందుకుని, వాళ్ల నాన్న వాసనే అంటింది కాబోలని సరిపెట్టుకుని, నున్నటి ఆ జడను రోజూ ముద్దు పెట్టుకునేది తను.

గుడ్డ విసిరి కొట్టి, చెయ్యి వెనక్కి తిప్పి పెదాలు తుడుచుకుంది. చేతికున్న జిడ్డు మూతికంటుకుంది.